సగటు కన్ను

తణుకులో మగ్గం వర్కు చేయించుకునే ఆడవాళ్లకు చొల్లంగి వీరవేణి చేతి మీద ఎంత గురి అంటే, ముహూర్తం కుదరకముందే జాకెట్టు గుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాళ్లు. పెళ్లికొడుకు మారినా సర్దుకుంటారు గానీ కుట్టే మనిషి మారితే ఒప్పుకోరు. అలాంటి వీరవేణి ఒక పెళ్లికూతురి జాకెట్టు మీద కుట్టిన నెమలికి రెండు ముక్కులు వచ్చాయి. గుడ్డ మీద గీసిన గీతలో ఆమెకు రెండు ముక్కులు కనిపించాయి. ఈ మధ్య వచ్చే డిజైన్లకు అర్థం పర్థం ఉండటంలేదు కదా, ఇదీ అలాంటిదే కాబోలనుకుని రెండింటి మీదా బంగారు పూసలు కుట్టేసింది.

వీరవేణిని చిన్నప్పటినుంచి పెంచిందీ, ఆమెతో కలిసి ఆ కొట్టు నడుపుతున్నదీ మేనత్త నాగాయమ్మ. ఆవిడ జాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమే వేణీ, ఒక ముక్కుతో తినలేక రెండోది అడిగిందా ఇది?"

"గీతలోనే రెండున్నాయి కదత్తా?" అంది వీరవేణి, కళ్లు నలుపుకుంటూ. కాసేపు చూసి, "ఇప్పుడు మూడు కనిపిస్తున్నాయి" అంది.

నాగాయమ్మ మర్నాడు పొద్దున్నే మేనకోడల్ని బస్సెక్కించి జిల్లా కేంద్రంలో దృష్టి పరిరక్షణ మండలి వారి కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ డాక్టర్ రెబెకా అనే ఆవిడ వీరవేణి గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, రెండు కళ్లూ చాలాసేపు చూసింది. తెరమీద రంగురంగుల బొమ్మలు వచ్చాయి. "నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాగా ఒక పొర ఉంటుందమ్మా, కార్నియా అంటాం. నీకది పలచబడి ముందుకు పొడుచుకొస్తోంది. కుడికన్ను కాస్త ఎక్కువ, ఎడమది ఇప్పుడిప్పుడే. ఇది ముదిరే జబ్బు. చుక్కలమందు వేసి ఒక రకం వెలుతురు పట్టిస్తే పొర గట్టిపడి అక్కడితో ఆగుతుంది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడుతుంది. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. నువ్వు మాత్రం కళ్లు నలుపుకోకు" అంది.

"అయితే ఇవాళే చేసేయండమ్మా. ఎలాగూ బస్సు దిగి వచ్చాం" అంది నాగాయమ్మ.

"నేను రెడీనే. మండలి ఉత్తర్వు ఉండాలి. యంత్రం నా గదిలో ఉంది, దాని తాళంచెవి వాళ్ల గదిలో ఉంది" అంది డాక్టర్ రెబెకా. చెప్పీ చెప్పీ అలసిపోయిన గొంతు అది.

హైదరాబాదులో ప్రైవేటు ఆసుపత్రులున్నాయి గానీ, అక్కడ చెప్పే ఖర్చు వింటే కళ్లతో పాటు గుండె కూడా చూపించుకోవాలి. అందుకని అత్తా కోడళ్లిద్దరూ మేడ మీదికి వెళ్లారు.

మేడ మీద మండలి కార్యాలయం ఉంది. గోడ నిండా "ఆలస్యం అంధత్వానికి దారి" అని పెద్ద అక్షరాలు. వాటి కింద కూర్చున్న జనం ఎప్పటినుంచి కూర్చున్నారో, బల్లలు నున్నగా అరిగి ఉన్నాయి. లోపల గదిలో మంజూరు అధికారి వేదుల దక్షిణామూర్తి గారు ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. వచ్చినవాళ్లను కూర్చోమంటారు, మంచినీళ్లు ఇప్పిస్తారు, ప్రతి మాటా శ్రద్ధగా వింటారు. ఆ తర్వాత నిబంధన చెబుతారు.

"జబ్బు ఉన్నది అన్న విషయం నిర్వివాదం" అన్నారాయన, డాక్టరు కాగితం చదివి. "అయితే ఈ చికిత్స దేనికి ఉద్దేశించబడినది? జబ్బు ముదరకుండా ఆపుటకు. ముదరని జబ్బును ముదరకుండా ఆపుట అనగా లేని దొంగను పట్టుకొనుట వంటిది. కావున ముందుగా సదరు జబ్బు ముదిరినట్లు రుజువు కావలెను. కార్నియా వంపు ఒక పూర్తి పాయింటు పెరిగినచో మీరు అర్హులు."

నాగాయమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

"అంటే బాబూ, కన్ను పాడయ్యాక రమ్మంటారా?"

"పాడు అనే పదం నిబంధనలో లేదమ్మా. మూడు నెలలకొకమారు వచ్చి కొలిపించుకోండి. అర్హత సాధించిన మరుక్షణం సాదరంగా ఆహ్వానిస్తాం."

"ఈలోగా చూపు పోతే?"

"పోయినదని రుజువైతే అది మీ దరఖాస్తుకు మరింత బలం" అన్నారు దక్షిణామూర్తి గారు ఆప్యాయంగా.

మూడు నెలలకు వెళ్లి కొలిపించుకుంటే కుడికన్ను అర పాయింటు పెరిగింది. డాక్టర్ రెబెకా మొహం చిన్నబోయింది. దక్షిణామూర్తి గారి మొహం వికసించింది. "సగం దూరం వచ్చేశారు. ఇదే పట్టుదల కొనసాగించండి" అన్నారు.

బయట బల్లల మీద సంగతి ఇంకో రకంగా ఉంది. మన జనానికి ఒక అంకె చూపించి ఒక హద్దు గీస్తే చాలు, దాన్ని ర్యాంకు చేసేస్తారు. నలుగురు తల్లిదండ్రులు కూర్చున్న చోట పలకరింపులే మారిపోయాయి.

"మీవాడికి ఎంతొచ్చిందండీ?"

"ముప్పావు అండి. పోయినసారి పావు దగ్గరే ఆగిపోయాడు, ఇంటిల్లిపాదీ బెంగ పెట్టుకున్నాం."

"మా అమ్మాయికి మొదటి సారికే ఒకటీ పావు. మా వంశంలోనే ఉందండి, మా బావగారికి కూడా ఇంతే."

భీమవరం నుంచి వచ్చిన ఒకావిడ కొడుకు హద్దు దాటాడని ఆ రోజే తెలిసింది. ఆవిడ హాలంతా తిరిగి పూతరేకులు పంచింది. కొడుకు చెయ్యి చాపి, పూతరేకు పక్కనున్న గాలిని పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తనకింకా అర పాయింటే అని వీరవేణికి ఒక్క క్షణం చిన్నతనం వేసింది. అలా అనిపించినందుకు ఆ తర్వాత భయం కూడా వేసింది.

కొట్టులో పని సన్నగిల్లింది. సూదిలో దారం ఎక్కించే పని నాగాయమ్మ తీసుకుంది. ఎరుపూ, మెరూనూ పక్కపక్కన ఉంటే వీరవేణి గుడ్డను కంటికి ఆనించుకుని చూసేది. రాత్రుళ్లు ఎదురుగా వచ్చే ఒక్కొక్క బండి దీపం చుట్టూ పది దీపాలు విచ్చుకునేవి. ముహూర్తాలు దగ్గరపడ్డవాళ్లు మొహమాటపడుతూనే గుడ్డలు వెనక్కి అడిగారు. ఆమె చేతికి ఇంకే పనీ రాదు. పదో తరగతి తర్వాత పట్టిన సూది అది. దాని మీదే నిలబడాలనుకుంది, నిలబడింది కూడా. ఇప్పుడా సూదిమొన ఎక్కడుందో తెలియక రోజుకు నాలుగుసార్లు వేలు పొడుచుకునేది. ఒకరోజు పని మధ్యలో మగ్గం మీద తల పెట్టి ఏడ్చింది. నాగాయమ్మ ఓదార్చలేదు. ఆవిడకూ ఏడుపు వస్తోంది, ఇద్దరూ ఏడిస్తే గిరాకీ బొత్తిగా రాదని వంటింట్లోకి పోయి ఏడ్చింది.

ఇంతలో ఆర్థిక సంవత్సరం చివరికొచ్చింది. మండలికి ఇచ్చిన నిధులు ఖర్చు కాకుండా మిగిలిపోతున్నాయని పైనుంచి అక్షింతలు పడ్డాయి. నిధులు ఎందుకు మిగిలాయి? అర్హులు చాలకపోవడం వల్ల. అర్హులు ఎందుకు చాలలేదు? జబ్బు ముదరవలసినంత వేగంగా ముదరకపోవడం వల్ల. లోపం ఎక్కడుందో తేలిపోయింది కాబట్టి మండలి సంచాలకులు స్వయంగా రాజధాని నుంచి దిగి, రోగులందరికీ "అర్హతా సాధన సదస్సు" ఏర్పాటు చేశారు. షామియానా వేశారు. వేదిక మీద బొకేలు, కింద రోగులు.

సంచాలకులు మైకు సవరించుకున్నారు. "మిత్రులారా, పొరుగు జిల్లాలో అర్హతా శాతం డెబ్బై. మన జిల్లాలో ఇరవై రెండు. ఈ వెనకబాటుతనానికి బాధ్యులెవరు? నేను ఎవరినీ నిందించను. ఆత్మపరిశీలన చేసుకోండి అంటాను. మండలి తన వంతు చేయూతనిచ్చుటకు సిద్ధంగా ఉంది. యంత్రం ఉంది, మందు ఉంది, నిపుణులైన వైద్యులున్నారు. కొరవడినది మీ భాగస్వామ్యమే."

ముందు వరసలో కూర్చున్న డాక్టర్ రెబెకా లేచి నిలబడింది. "సార్, ముదరకముందు చేస్తేనే దీనివల్ల ఉపయోగం. ముదిరాక మనం ఆపేదేముంది?"

"వైద్యపరమైన అంశాలు వైద్యసభలో చర్చిద్దాం డాక్టరు గారూ. ఇది పరిపాలనా సదస్సు" అన్నారు సంచాలకులు నవ్వుతూ. తర్వాత ఆ జిల్లాలో అత్యంత వేగంగా అర్హత సాధించిన భీమవరం కుర్రాణ్ణి వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అతను మెట్టు అనుకుని ఖాళీలో కాలు వేస్తే ఇద్దరు అటెండర్లు పట్టుకున్నారు.

సదస్సు ప్రభావమో, జబ్బు స్వభావమో, మరుసటి కొలతలో వీరవేణి కుడికన్ను ఒక పాయింటు దాటింది. దక్షిణామూర్తి గారు లేచి నిలబడి నమస్కారం చేశారు. దరఖాస్తు తీసుకున్నారు, ముద్ర వేశారు, మంజూరు సంఘం వచ్చే సమావేశంలో పెడతామన్నారు. నాగాయమ్మ గుడికి పోయి కొబ్బరికాయ కొట్టింది. మేనకోడలి కన్ను చెడినందుకు కొబ్బరికాయ కొట్టిన మొదటి మేనత్తను తనేనేమోనని ఆవిడకే అనుమానం వచ్చింది.

సంఘం సమావేశం సభ్యులందరికీ వీలు కుదిరి జరిగేసరికి వేసవి పోయి వానలు వచ్చాయి. ఉత్తర్వు పుచ్చుకుని ఇద్దరూ డాక్టర్ రెబెకా గదికి పరిగెత్తారు. తాళంచెవి కూడా వచ్చింది. చికిత్సకు ముందు పొర మందం కొలవాలి. డాక్టరు కొలిచింది. మళ్లీ కొలిచింది. యంత్రం తుడిచి మూడోసారి కొలిచింది.

"కుడికన్ను పొర మరీ పలచబడిపోయిందమ్మా. ఈ మందంలో ఆ వెలుతురు పట్టిస్తే లోపలి పొర దెబ్బతింటుంది. నేను చేయలేను" అంది. ఆ మాట చెప్పేటప్పుడు వీరవేణి వైపు చూడలేకపోయింది.

మేడ మీద దక్షిణామూర్తి గారు ఎంతో విచారించారు. "మీరు ఆలస్యం చేశారు తల్లీ" అన్నారు.

"మేమా?" అంది నాగాయమ్మ.

"నేను లెక్క కట్టి చూశాను" అని ఆయన గీతల కాగితం ఒకటి ముందుకు జరిపారు. "వంపు ఒక పాయింటు దాటిన తేదీ ఇది. మందం హద్దు కిందికి పడిపోయిన తేదీ ఇది. ఈ రెంటి నడుమ మీ అమ్మాయి అన్ని విధాలా అర్హురాలై ఉన్న రోజు ఒకటి కలదు. అనేకమందికి అది కూడా ఉండదు."

"ఏ రోజు బాబూ అది?"

"రెండో శనివారం" అన్నారాయన. "కార్యాలయానికి సెలవు."

వీరవేణికి నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కుడికంట నీళ్లు కారాయి. ఆ కంటితో ఇప్పుడు మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు.

"ఇక కుడికన్నుకు కార్నియా మార్పిడి ఒక్కటే మార్గం. అది నా విభాగం కాదు. పక్క బల్ల" అని దక్షిణామూర్తి గారు లేచి, పక్క బల్ల వెనక్కి వెళ్లి కూర్చున్నారు. ఆ విభాగానికి అధికారి లేకపోవడంతో అదనపు బాధ్యత ఆయనకే ఇచ్చారు. అక్కడ కూర్చోగానే కొత్త మనిషిని చూసినట్లు చూశారు. "చెప్పండమ్మా. మార్పిడియా? తప్పక చేస్తాం. అయితే వెలుతురు చికిత్స జరిపించి, అది విఫలమైనట్లు ఆ విభాగం నుంచి ధ్రువపత్రం తేవలెను."

"అది మీరేగా బాబూ?"

"ఆ బల్ల వద్ద నేను. ఈ బల్ల వద్ద కాదు." ఆయన అక్కడికక్కడే ఆ బల్లకు ఒక లేఖ రాశారు. ఆ బల్లకు వెళ్లి, దాన్ని అందుకుని, సంతకం చేసి, పరిశీలించి జవాబిస్తామని తిరిగి ఈ బల్లకు రాశారు. మనిషి నిష్పక్షపాతి, ఏ బల్లకూ ఎక్కువ తక్కువలు చేయలేదు.

ఇంటికొచ్చిన వారానికి వీరవేణి ఎడమకంటికి కూడా నెలవంక రెండుగా కనిపించింది. ఆమె ఈ సంగతి అత్తకు రెండు రోజులు చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఆ ఎడమకన్ను కూడా పోతే మగ్గం సంగతి దేవుడెరుగు, అత్త మొహం కూడా కనిపించదు. మూడో రోజు చెప్పింది. నాగాయమ్మ చీర మార్చుకుని, చెప్పులేసుకుని, "పద" అంది.

డాక్టర్ రెబెకా కొలిచింది. ఎడమకన్ను పావు పాయింటు పెరిగింది. మందం నిండుగా ఉంది. "ఇప్పుడు చేస్తే ఈ కన్ను నిలబడుతుంది. ఆరునెలలు ఆగితే నేను హామీ ఇవ్వలేను" అని కాగితం మీద రాసి, కింద రెండుసార్లు గీత గీసి ఇచ్చింది.

"పావు మాత్రమే" అన్నారు దక్షిణామూర్తి గారు. "ఈసారి మీరు మరీ ముందుగా వచ్చారు. పోయిన అనుభవంతో జాగ్రత్తపడుతున్నారు, సంతోషం. మరి కొంతకాలం…"

నాగాయమ్మ ఇక ఆగలేదు. గొంతు పెంచలేదు గానీ, బల్ల మీద రెండు చేతులూ పెట్టి వంగింది.

"ఆయ్, ఒక మాట చెబుతాను వినండి. కుడిదేమో మరీ ముదిరిపోయిందంటారు. ఎడమదేమో ముదరలేదంటారు. రెండు కళ్లూ ఒక్క పిల్లవే కదండీ. అందులోది ఇందులోనూ, ఇందులోది అందులోనూ కలిపేసి చూసుకోండి. పప్పులో ఉప్పెక్కువై చారులో తక్కువైతే మేం అలాగే తింటాం."

ఆవిడ ఒళ్లు మండి అన్న మాట అది. దక్షిణామూర్తి గారు మాత్రం కళ్లద్దాలు తీసి, నిబంధనల పుస్తకం తెరిచి, పేజీ తిప్పి, చాలాసేపు చదువుకున్నారు. నిబంధనలో "రోగి యొక్క వంపు" అని ఉంది. ఏ కన్నో లేదు. రోగి ఒక్కరే. మందం సంగతీ అంతే. కుడికన్ను ఈపాటికి రెండు పాయింట్లు పెరిగి ఉంది, ఎడమది పావు. ఆయన కాగితం తీసుకుని కూడారు, రెండుతో భాగించారు. వంపు సగటున ఒక పాయింటు దాటింది. మందం సగటున హద్దుకు పైనే ఉంది.

ఉద్యోగ జీవితంలో నిబంధన మీరకుండా ఒకరికి మేలు చేసే అవకాశం ఆయనకు ఇదే మొదటిసారి దొరికింది. "అమ్మా, సగటున మీ అమ్మాయి సంపూర్ణ అర్హురాలు" అన్నారు. ఈసారి సమావేశం దాకా ఆగకుండా, మునుపటి మంజూరుకే సవరణగా అప్పటికప్పుడు ఉత్తర్వు టైపు చేయించారు.

డాక్టర్ రెబెకా ఆ ఉత్తర్వును కిటికీ దగ్గరికి తీసుకుపోయి చదివింది. "సదరు రోగి యొక్క సగటు కంటికి చికిత్స జరుపుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది" అని ఉంది. ఆవిడ ఒకటికి రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పింది.

"పైన తప్పు రాశారా అమ్మా?" అంది వీరవేణి భయంగా.

"లేదు. చాలా స్పష్టంగా రాశారు" అంది డాక్టరు. "సగటు కన్ను నీకు ఎడమవైపు ఉంది. పడుకో." తలుపు గడియపెట్టి, ఎవరికీ మళ్లీ ఆలోచించే సమయం ఇవ్వకుండా, చుక్కలమందు తీసింది.

చికిత్సకు గంట పైగా పట్టింది. పసుపుపచ్చ చుక్కలు, ఆ పైన ఊదారంగు వెలుతురు. ఆ రాత్రీ మర్నాడూ కంట్లో ఇసుక పోసినట్టు మండింది. వీరవేణి పళ్లు బిగించి ఓర్చుకుంది. కళ్లు నలుపుకోకుండా నాగాయమ్మ ఆమె చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఏడాదిపాటు, మూడు నెలలకొకసారి వెళ్లి కొలిపించుకున్నారు. ఎడమకన్ను చికిత్సనాటి కొలత దగ్గరే ఆగిపోయింది. వీరవేణి ఒక్క కంటితో దూరాలు అంచనా కట్టడం నెమ్మదిగా నేర్చుకుంది. పనికి మునుపటికంటే రెట్టింపు సమయం పట్టేది. గుడ్డలు వెనక్కి తీసుకుపోయినవాళ్లలో కొందరు తిరిగి తెచ్చారు. కుడికన్ను సంగతి రెండు బల్లల మధ్య ఇంకా తిరుగుతూనే ఉంది. దక్షిణామూర్తి గారు ఏ బల్ల దగ్గరున్నా క్షేమం అడిగేవారు.

అప్పుడు మండలి తనిఖీ విభాగం నుంచి రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని వెళ్లాడు. నాగాయమ్మకు చదువు రాదు. "ఏముందే అందులో?" అంది గాభరాగా. వీరవేణి చేతిలో సూది మగ్గానికి గుచ్చి, కాగితం మడత విప్పి, గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"విషయం: చొల్లంగి వీరవేణి, ఎడమకన్ను, అనవసర చికిత్స గురించి. చికిత్స జరిగిన నాటినుండి నేటివరకు సదరు కన్ను ఏమాత్రమూ ముదరలేదని మా తనిఖీలో వెల్లడైనది. ముదరని కన్నునకు చికిత్స పొందుట నిబంధనలకు విరుద్ధము. సదరు కన్ను ఎందువలన ముదరలేదో పదిహేను రోజులలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను."

అంతటితో ఆగలేదు ఆమె. కాగితం అడుగున చీమల బారులాంటి అక్షరాలున్నాయి. వాటినీ చదివింది. ప్రతులు ఎవరెవరికి పంపారో చదివింది. ఇంకా కింద మూలన, ఏ ప్రెస్సులో అచ్చయిందో ఆ చిన్న ముక్క కూడా వదలకుండా చదివి కాగితం దించింది.

నాగాయమ్మ మేనకోడలి మొహంలోకే చూస్తోంది. ఆవిడ కళ్లు నిండి ఉన్నాయి. ఉత్తరంలో ఏముందో ఆవిడ సరిగా విననే లేదు.

"సంజాయిషీ అంట అత్తా. ఆ పెన్ను ఇటియ్యి" అంది వీరవేణి.

కాగితం తీసుకుని, గీత తప్పకుండా, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది:

"అయ్యా, మీ నోటీసు అందినది. నేనే చదువుకున్నాను."